అమెరికాలో సాకర్ ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగుతోంది?

గోదారి గోల్‌కీపర్:
అమెరికా సాకర్ మాటెత్తితే చర్చ ఎప్పుడూ రెండు ముక్కల్లో ముగిసిపోతోంది. ఇంకో పదేళ్లలో బేస్‌బాల్‌ని దాటేస్తుందని ఒకరు, వాళ్లకి ఆ ఆట ఎక్కదని ఇంకొకరు. లెక్కలు చూస్తే రెండూ నిలబడవు. "చూడటానికి మీకు బాగా ఇష్టమైన ఆట ఏది" అని గాలప్ సర్వేలో అడిగితే సాకర్ అన్నవాళ్లు 2017లో 7 శాతం, 2023 డిసెంబరులో 5 శాతం. అదే సర్వేలో అమెరికన్ ఫుట్‌బాల్ 37 నుంచి 41కి ఎక్కింది. ఆ ఆరేళ్లలోనే మేజర్ లీగ్ సాకర్ (ఎంఎల్‌ఎస్) జట్లు 22 నుంచి 29 అయ్యాయి, మెస్సీ మయామీకి వచ్చాడు. జట్లు పెరిగాయి, పిల్లలు ఆడుతున్నారు, "నా ఆట ఇదే" అనేవాళ్లు మాత్రం పెరగలేదు. డబ్బు, టీవీ, పిల్లల క్లబ్బులు, మైదానాలు, వీటిలో ఎవరికి ఏది బాగా తెలిస్తే అది వివరంగా రాయండి. ఈ థ్రెడ్‌లో మన ఫుట్‌బాల్‌ని సాకర్ అనే రాసుకుందాం, తికమక ఉండదు.

పద్దుల పుస్తకం:
ముందు టీవీ డబ్బు చూడాలి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. 2023లో మొదలైన ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ప్రసార ఒప్పందాలు 11 ఏళ్లకి సుమారు 11,000 కోట్ల డాలర్లు, అంటే ఏడాదికి 1,000 కోట్లు. 2025-26 సీజన్‌తో మొదలైన ఎన్‌బీఏ (బాస్కెట్‌బాల్ లీగ్) ఒప్పందం 11 ఏళ్లకి 7,600 కోట్ల పైమాటే, ఏడాదికి దాదాపు 690 కోట్లు. 2023 సీజన్‌తో మొదలయ్యేలా ఎంఎల్‌ఎస్ యాపిల్‌తో మొదట కుదుర్చుకున్నది 10 ఏళ్లకి 250 కోట్లు, అంటే ఏడాదికి 25 కోట్లు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నలభయ్యో వంతు అన్నమాట.

ఎంఎల్‌ఎస్ స్టేడియం హాజరు ఎన్‌బీఏ కంటే ఎక్కువ అని తరచూ చూపిస్తుంటారు. 2024లో మ్యాచ్‌కి సగటున 23 వేల మంది వచ్చిన మాట నిజమే. కానీ బాస్కెట్‌బాల్ అరేనాలో పట్టేదే 18, 20 వేలు. పైగా ఎంఎల్‌ఎస్ జట్టు సొంత ఊళ్లో ఆడేది 17 లీగ్ మ్యాచ్‌లు, ఎన్‌బీఏ జట్టు 41, బేస్‌బాల్ జట్టు 81. ఏడాది మొత్తం కలిపితే ఎంఎల్‌ఎస్ జట్టుకి 4 లక్షల లోపు, ఎన్‌బీఏ జట్టుకి 7 లక్షల పైన, బేస్‌బాల్ జట్టుకి 20 లక్షలు దాటి. సగటు ఒక్కటే చూపించి గెలిచామనడం సరికాదు.

సగం గీత:
@పద్దుల పుస్తకం గారూ, లెక్క సరే గానీ, మీరు ఎంఎల్‌ఎస్‌నే అమెరికా సాకర్ అనేశారు. అసలు మడత పేచీ అక్కడే ఉంది.

ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ కోసం ఎన్‌బీసీ చానెల్ ఆరేళ్లకి (2022-28) ఇస్తున్నది సుమారు 270 కోట్ల డాలర్లు. ఏడాదికి 45 కోట్లు. యూరప్ క్లబ్బుల టోర్నీ చాంపియన్స్ లీగ్ కోసం పారమౌంట్ సంస్థ ఆరేళ్లకి ఇస్తున్నది సుమారు 150 కోట్లు, ఏడాదికి 25. అంటే ఇంగ్లండ్ లీగ్‌కి అమెరికాలో పలుకుతున్న ధర ఆ దేశపు సొంత లీగ్ కంటే దాదాపు రెట్టింపు. ఇక మెక్సికో లీగ్ ఉంది. అమెరికా టీవీలో క్లబ్ సాకర్‌లో ఎక్కువమంది చూసేది అదే, అదీ స్పానిష్ చానెళ్లలో.

కాబట్టి ఆటకి అభిమానులు లేక కాదు, వాళ్లు నాలుగు చోట్ల విడిపోయి ఉన్నారు. శనివారం పొద్దున్నే లివర్‌పూల్ మ్యాచ్ చూసేవాడు సాయంత్రం సొంత ఊరి జట్టు మ్యాచ్ చూస్తాడన్న నమ్మకం లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌కీ ఎన్‌బీఏకీ ఆ బెడద లేదు. ప్రపంచంలో మేటి లీగ్ వాళ్లదే, వేరే దేశం వైపు చూసే పనే రాదు. గాలప్ ప్రశ్నలో ఇంకో మెలిక, ఒక్క ఆట పేరే చెప్పాలి. అమెరికన్ ఫుట్‌బాల్ మొదటి ఇష్టం, సాకర్ రెండో ఇష్టం అనుకునే మనిషి ఆ 5 శాతంలో కనిపించడు.

పెద్ద మ్యాచ్ వస్తే వీళ్లంతా ఒకచోట చేరతారు. 2022 ప్రపంచకప్ ఫైనల్‌ని ఇంగ్లిష్, స్పానిష్ కలిపి అమెరికాలో దాదాపు 2.6 కోట్ల మంది చూశారు. 2015 మహిళల ప్రపంచకప్ ఫైనల్‌కి ఫాక్స్ చానెల్ ఒక్కదానిలోనే 2.54 కోట్లు. ఎన్‌బీఏ ఫైనల్స్ 2025 సగటు కోటి పైచిలుకు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ మాత్రం 2025లో 12.77 కోట్లు, దాని దరిదాపుల్లోకి ఏ ఆటా వెళ్లదు, పోల్చడమే దండగ.

ఓరుగల్లు వింగర్:
అన్నా, యాడ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. అమెరికా టీవీకి సాకర్ మొదటినుంచీ మింగుడుపడని కారణం అదే కదా. 45 నిమిషాలు ఎక్కడా ఆపరు.

సగం గీత:
@ఓరుగల్లు వింగర్, సరైన చోట పట్టుకున్నావు తమ్ముడూ. 1967లో సీబీఎస్ చానెల్ ఎన్‌పీఎస్‌ఎల్ అనే సాకర్ లీగ్ మ్యాచ్‌లు చూపించింది. ఒక మ్యాచ్‌లో ఊదిన 21 ఫౌల్స్‌లో 11 యాడ్లకి వీలివ్వడానికే అని తర్వాత ఆ రెఫరీయే ఒప్పుకున్నాడు. 1996లో మొదలైన ఎంఎల్‌ఎస్ కూడా టీవీ ప్రేక్షకుడికి అలవాటైన రూపం ఇద్దామనుకుంది. గడియారం 45 నుంచి వెనక్కి తిరిగేది. డ్రా ఒప్పుకోకుండా షూటౌట్ పెట్టారు. ఆటగాడు 35 గజాల దూరం నుంచి బంతితో బయలుదేరి 5 సెకన్లలో గోల్‌కీపర్‌ని దాటి కొట్టాలి. కొత్తవాళ్లు రాలేదు, ఆట తెలిసినవాళ్లు మొహం తిప్పుకున్నారు. 1999 సీజన్‌తో రెండూ ఎత్తేశారు.

తర్వాత దారి మారింది. తెర మూలన స్కోరు పక్కన స్పాన్సర్ పేరు, జెర్సీ మీద పేరు, మైదానం చుట్టూ ఎలక్ట్రానిక్ బోర్డులు. రెండు గంటల్లో కచ్చితంగా ముగిసిపోయే ప్రసారం కావడం ఇప్పుడు బలమే అయింది. మూడు గంటలు సాగే అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో బంతి కదిలేది 11 నిమిషాలేనని ఒక పత్రిక గడియారం పెట్టి లెక్కగట్టింది. 2026 ప్రపంచకప్‌కి ఫిఫా ప్రతి సగంలో 3 నిమిషాల నీళ్ల విరామం పెట్టింది, ఎండ ఉన్నా లేకున్నా. పేరుకి నీళ్లే గానీ, ఆటని నాలుగు ముక్కలు చేసే ఆ పద్ధతి లీగ్ మ్యాచ్‌ల్లోకి పాకకూడదు. ఆ ఊపు తెగితే సాకర్‌లో మిగిలేది తక్కువ.

గోదారి గోల్‌కీపర్:
సరే, పిల్లల సంగతికి వద్దాం. హైస్కూళ్లలో సాకర్ ఆడే అబ్బాయిలు నాలుగున్నర లక్షల పైన, అమ్మాయిలు మూడున్నర లక్షల పైన ఉన్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ పది లక్షలు దాటినా, సాకర్‌ది చిన్న సంఖ్య కాదు. ఇంతమందిలోంచి పురుషుల జట్టుకి తగినంతమంది ఎందుకు తేలడం లేదు?

ఫ్రిస్కో పేరెంట్:
ఎందుకంటే పైమెట్టు ఎక్కడానికి కట్టే రుసుము తల్లిదండ్రులదే. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనోలలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి వాళ్లకి పనికొచ్చేలా కాస్త విడమరిచి రాస్తాను.

అడుగు మెట్టు రిక్రియేషన్ లీగ్, అంటే సరదాగా ఆడేది. సీజన్‌కి వంద నుంచి రెండు వందల డాలర్ల చిల్లర, కోచ్ సాధారణంగా ఇంకో పిల్లాడి నాన్న. 6 నుంచి 8 ఏళ్లలోపు పిల్లలకి జట్టుకి నలుగురు, గోల్‌కీపర్ ఉండడు, 3వ సైజు బంతి. 9, 10 ఏళ్లలోపు గ్రూపులకి ఏడుగురు, 4వ సైజు. 11, 12కి తొమ్మిది మంది, అదే బంతి. 13 నుంచి పదకొండు మంది, 5వ సైజు. ఏడుగురి ఆటలో బిల్డౌట్ లైన్ అని ఒక గీత ఉంటుంది. గోల్‌కీపర్ చేతికి బంతి రాగానే ఎదుటి జట్టు ఆ గీత వెనక్కి పోవాలి, కీపర్ గాల్లోకి తన్నకూడదు. వెనకనుంచి పాస్‌లతో ఆట కట్టడం నేర్పడానికి పెట్టారది. 10 ఏళ్లు, అంతకంటే చిన్నవాళ్లు తలతో కొట్టకూడదు, మ్యాచ్‌లో కావాలని కొడితే ఎదుటివాళ్లకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేనిది). ఈ మెట్టులో పేచీ లేదు, పద్ధతి బాగానే ఉంటుంది.

పేచీ క్లబ్ జట్టు దగ్గర మొదలవుతుంది. ఏడాది ఫీజు 2,000 నుంచి 4,000 డాలర్లు, పేరున్న క్లబ్బుల్లో ఇంకా పైన. యూనిఫాం కిట్ విడిగా. టోర్నమెంట్‌కి వేరే ఊరు వెళ్తే విమానం, హోటల్. చాలా టోర్నమెంట్లలో వాళ్లు చెప్పిన హోటల్‌లోనే గది తీసుకోవాలన్న షరతు ఉంటుంది, చుట్టాలింట్లో దిగుతామంటే జట్టుకి చోటు పోతుంది. సంతకం పెట్టేది ఏడాది మొత్తానికి. నడుమ పిల్లాడికి దెబ్బ తగిలినా, కోచ్ మారినా మిగతా కంతులు కట్టాల్సిందే. కాబట్టి సంతకానికి ముందు మూడు అడగండి: రీఫండ్ నియమం కాగితం మీద ఉందా, దూరప్రయాణ టోర్నమెంట్లు ఎన్ని, జట్టులో ఎంతమందిని తీసుకుంటున్నారు. తొమ్మిది మంది ఆడే వయసులో పద్దెనిమిది మందిని చేర్చుకుంటే సగం ఫీజు బెంచీకి కడుతున్నట్టే.

ఎంఎల్‌ఎస్ క్లబ్బుల సొంత అకాడమీల్లో పై జట్లకి సాధారణంగా ఫీజు ఉండదు. అమెరికా జాతీయ జట్టు ఆటగాళ్లు వెస్టన్ మెక్‌కెన్నీ, రికార్డో పెపీ లాంటివాళ్లు ఎఫ్‌సీ డల్లాస్ అకాడమీ నుంచే వచ్చారు. కానీ ఆ తలుపు దాకా చేరడానికి మధ్యలో నాలుగైదేళ్ల క్లబ్ ఫీజు మోయాలి. బాస్కెట్‌బాల్‌కి పార్కులో ఒక బోర్డూ బంతీ ఉంటే చాలు. అమెరికన్ ఫుట్‌బాల్‌ని స్కూలే నెత్తిన పెట్టుకుంటుంది. ప్రపంచమంతా పేదవాడి ఆట అయినది ఇక్కడ మధ్యతరగతి సబర్బ్ ఆట అయి కూర్చుంది. నాకు మనసుకి కష్టంగా ఉండేది ఇదొక్కటే.

పద్దుల పుస్తకం:
@ఫ్రిస్కో పేరెంట్ గారు చెప్పినదాని వెనక ఒక లెక్క ఉంది. చిన్న క్లబ్బు తల్లిదండ్రుల మీద ఎందుకు పడుతుంది? మిగతా దేశాల్లో దానికి వేరే ఆదాయం ఉంటుంది కాబట్టి.

ఫిఫా నియమాల్లో సాలిడారిటీ వాటా ఉంది. ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి డబ్బు మీద మారితే, ఆ మొత్తంలో 5 శాతం అతన్ని 12 నుంచి 23 ఏళ్ల దాకా తీర్చిదిద్దిన క్లబ్బులకి పోవాలి. 12 నుంచి 15 వరకు ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి 23 వరకు ఏడాదికి 0.5 శాతం. ఉదాహరణకి 2 కోట్ల డాలర్లకి ఒక కుర్రాడు యూరప్ వెళ్తే, 12 నుంచి 15 దాకా నాలుగు సీజన్లు ఆడించిన ఊరి క్లబ్బుకి 1 శాతం, అంటే 2 లక్షల డాలర్లు. ఏటా 3,000 కట్టే పిల్లలు అరవై మందికి పైగా ఉంటేనే అంత వస్తుంది.

అమెరికాలో యాంటీట్రస్ట్ (గుత్తాధిపత్య వ్యతిరేక) చట్టం, ఆటగాళ్ల సంఘంతో పాత కోర్టు ఒప్పందాలు అడ్డమని ఆ దేశపు సాకర్ ఫెడరేషన్ దీన్ని ఏళ్ల తరబడి అమలు చేయలేదు. అమెరికా ఆటగాడు డిఆండ్రే యెడ్లిన్ ఇంగ్లండ్ క్లబ్ టోటెనమ్‌కి వెళ్లినప్పుడు అతని చిన్ననాటి క్లబ్ ఆ వాటా కోసం ఫిఫా దాకా వెళ్లింది. 2019లో ఎంఎల్‌ఎస్ తన అకాడమీల వాటా ఇకమీదట అడుగుతామని ప్రకటించింది. పెద్దవాళ్లకి దారి తెరుచుకుంది. ఊరి క్లబ్బు దాకా ఈ డబ్బు పారితేనే ఫీజులు తగ్గుతాయి, అంతదాకా ప్రతిభ కంటే జేబే ముందు నడుస్తుంది.

నంబర్ పది:
మీరంతా పురుషుల ఆట మీదే తిరుగుతున్నారు. అమెరికాలో సాకర్ నిజంగా వేళ్లూనుకున్నది అమ్మాయిల వల్ల. 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చాక కాలేజీలు ఆటల్లో అమ్మాయిలకి సమాన అవకాశం చూపించాల్సి వచ్చింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్కటే 85 స్కాలర్‌షిప్‌లు తినేస్తుంటే, అటువైపు తూకం సరిచేయడానికి ఎక్కువమంది ఆడే, ఖర్చు తక్కువైన ఆట కావాలి. అలా మహిళల సాకర్‌కి 14 దక్కితే పురుషుల సాకర్‌కి 9.9 మాత్రమే దక్కాయి. కాలేజీ ఆటల మీద 2025లో వచ్చిన కోర్టు పరిష్కారం తర్వాత ఈ పరిమితులు పోయి, సాకర్ జట్టులో మొత్తం 28 మందే ఉండాలన్న రోస్టర్ పరిమితి వచ్చింది.

ఫలితం కళ్ల ముందుంది. 1991, 1999, 2015, 2019 ప్రపంచకప్‌లు, 2024 పారిస్ ఒలింపిక్ స్వర్ణం. 1999 ఫైనల్‌కి రోజ్ బౌల్‌లో 90,185 మంది. 2013లో మొదలైన మహిళల లీగ్ ఎన్‌డబ్ల్యూఎస్ఎల్ ఇప్పుడు నాలుగేళ్లకి 24 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందంతో నడుస్తోంది. కాన్సస్ సిటీలో 2024లో మహిళల క్లబ్బు కోసమే 11,500 సీట్ల స్టేడియం కట్టారు. సైజు చూడండి: 60 వేల స్టేడియంలో 11 వేలమంది కూర్చుంటే టీవీలో ఖాళీ కుర్చీలే కనిపిస్తాయి, ఇక్కడ అదే జనంతో హౌస్‌ఫుల్. 1999లో కొలంబస్ క్రూ సాకర్‌కే ప్రత్యేకంగా స్టేడియం కట్టుకుని పురుషుల లీగ్‌ని నిలబెట్టిన సూత్రం కూడా ఇదే.

గడ్డి సైన్స్:
స్టేడియం మాట వచ్చింది కాబట్టి ఒక కొలత. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం వెడల్పు 160 అడుగులు, అంటే 48.8 మీటర్లు. ప్రపంచకప్ సాకర్ పిచ్ 105 × 68 మీటర్లు. పొడవుకి ఇబ్బంది లేదు, వెడల్పులో ఒక్కో పక్క 9.6 మీటర్లు ఎక్కువ కావాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ స్టేడియంలో స్టాండ్లు మూలల దగ్గర లోపలికి వంపు తిరిగి ఉంటాయి, కార్నర్ కిక్ కొట్టే చోటే గోడ తగులుతుంది. అందుకే న్యూజెర్సీ మెట్‌లైఫ్ స్టేడియంలో 2026 ప్రపంచకప్ కోసం మూల సీట్లు పీకేశారు. అమెరికాలోనే జరిగిన 2024 కోపా అమెరికా (దక్షిణ అమెరికా దేశాల టోర్నీ)లో ఆ పని చేయకుండా పిచ్‌నే 100 × 64కి కుదించారు. ఆట ఇరుకైపోయి వింగర్లకి చోటు దొరకలేదు.

రెండోది గడ్డి. 2026 వేదికలు 16లో 8 చోట్ల ఉన్నది కృత్రిమ టర్ఫ్. కోపాలో అట్లాంటాలో దాని మీద పచ్చిక చుట్టలు పరిచి కొద్ది రోజుల్లోనే మ్యాచ్ ఆడించారు, బంతి ఎగిరెగిరి పడుతోందని అర్జెంటీనా గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెస్ మండిపడ్డాడు. కారణం తేలిక. పొలంలో పెరిగిన పచ్చికని కోసేటప్పుడు వేళ్లు తెగుతాయి, అవి మళ్లీ కిందికి దిగి పట్టు దొరకాలంటే వారాలు కావాలి. ఈలోగా బూటు అడుగున ఉండే స్టడ్ పడితే అతుకు దగ్గర చాప లేచినట్టు లేస్తుంది. టెనసీ, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీల పరిశోధకులు ఎంచుకున్న దారి, ప్లాస్టిక్ షీట్ మీద ఇసుక పోసి అందులో గడ్డి పెంచడం. వేళ్లు కిందికి పోలేక అడ్డంగా అల్లుకుంటాయి. చుట్టి తెచ్చేటప్పుడు ఒక్క వేరూ తెగదు, పరిచిన కొద్ది రోజులకే ఆటకి తట్టుకుంటుంది. వేడి ఊళ్లకి బెర్ముడా, చల్లటి చోట్లకి, పైకప్పున్న స్టేడియాలకి బ్లూగ్రాస్, రైగ్రాస్ కలిపి.

ఓరుగల్లు వింగర్:
మరి మెస్సీ, సన్ హ్యుంగ్ మిన్ లాంటోళ్లు వచ్చినా లీగ్ స్థాయి యూరప్ దగ్గరికి ఎందుకు పోతలేదన్నా?

పద్దుల పుస్తకం:
జీతాల గీత వల్ల తమ్ముడూ. 2025లో ఎంఎల్‌ఎస్ జట్టు జీతాల బడ్జెట్ 59.5 లక్షల డాలర్లు, అందులో ఒక్కరి పేరున లెక్కలోకి వచ్చేది గరిష్ఠంగా 7,43,750. ముగ్గురు డిజిగ్నేటెడ్ ప్లేయర్లకి మాత్రం ఎంతైనా ఇవ్వొచ్చు, 2007లో బెకమ్ కోసం తెచ్చిన నియమం అది. లీగ్ అదనంగా ఇచ్చే అలొకేషన్ డబ్బుతో ఇంకొంత సర్దుకుంటారు. ఏ రకంగా సర్దినా ముగ్గురు తారలు, వాళ్ల వెనక సాదా జట్టు. ఆ ముగ్గురిలో ఇద్దరికి దెబ్బ తగిలితే బెంచీ ఆదుకోలేదు. అందుకే 2008 నుంచి 2025 దాకా కాంకకాఫ్ (ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల సమాఖ్య) చాంపియన్స్ టోర్నీ గెలిచిన ఎంఎల్‌ఎస్ జట్టు సియాటిల్ ఒక్కటే, 2022లో. ఎన్‌బీఏ జట్టు జీతాల సీలింగ్ 2025-26కి 15 కోట్ల డాలర్ల పైన అని గుర్తుపెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

ఈ జాగ్రత్తకి చరిత్ర ఉంది. పాత అమెరికా లీగ్ ఎన్‌ఏఎస్‌ఎల్ 1975లో పెలేని తెచ్చింది, 1977లో అతని న్యూయార్క్ క్లబ్ కాస్మోస్ మ్యాచ్‌కి 77,691 మంది వచ్చారు, మిగతా క్లబ్బులు కాస్మోస్‌తో పోటీపడి ఖర్చుచేసి కూలిపోయాయి, 1984 తర్వాత లీగే లేదు. 2001 సీజన్ అయ్యాక ఎంఎల్‌ఎస్ కూడా రెండు ఫ్లోరిడా జట్లని మూసేసి పదికి దిగింది. ఆ భయం సమంజసమే. కానీ ఇప్పుడు కొత్త జట్టు చేరడానికి శాన్ డియాగో కట్టినది 50 కోట్ల డాలర్లు, 2000ల మధ్యలో టొరంటో కట్టినది కోటి. ఇంత విలువ పెరిగాక కూడా గీతని అక్కడే ఉంచడం పిసినారితనం. దాన్ని సడలిస్తేనే మెక్సికో లీగ్ చూసేవాళ్లు ఇటు తిరుగుతారు.

ఓరుగల్లు వింగర్:
ప్రమోషన్, రెలిగేషన్ (గెలిచిన జట్టు పై డివిజన్‌కి, ఓడింది కిందికి) పెడితే?

పద్దుల పుస్తకం:
50 కోట్లు కట్టినవాడు రెండో డివిజన్‌కి దిగడానికి ఒప్పుకోడు. ఎంఎల్‌ఎస్‌తో సంబంధం లేని ఇంకో లీగ్ యూఎస్‌ఎల్ మాత్రం 2027-28 నుంచి తన మూడు అంచెల మధ్య పెడతానంది. చూడాల్సింది అక్కడే.

సగం గీత:
నా దృష్టిలో దానికంటే పెద్ద మార్పు క్యాలెండర్. ఎంఎల్‌ఎస్ 2027 జూలై నుంచి యూరప్ లాగా వేసవిలో మొదలై మేలో ముగిసే సీజన్‌కి మారుతోంది, డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి దాకా విరామం. ఇప్పటిదాకా ప్లేఆఫ్స్ అక్టోబరు, నవంబరుల్లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ మంచి ఊపులో ఉన్నప్పుడు పడేవి. ఇకమీదట మేలో ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌తో తలపడాలి, అయినా అది తేలికైన పోటీ. బదిలీల విండోలు కూడా యూరప్‌తో కలుస్తాయి, సీజన్ నడుమ మంచి ఆటగాణ్ని వదులుకోవాల్సిన పని ఉండదు. నష్టపోయేది మినెసోటా, టొరంటో లాంటి చలి ఊళ్లు. ఫిబ్రవరిలో అక్కడ మ్యాచ్ పెడితే జనం రారు, షెడ్యూలు వేసేవాళ్లు మొదటి వారాల్లో వాళ్లని దక్షిణాదికి పంపాల్సిందే. ఇంకోటి, 2026 నుంచి మ్యాచ్‌లు విడి పాస్ లేకుండా మామూలు యాపిల్ టీవీ చందాలోనే వస్తున్నాయి. గోడ వెనక దాచిన ఆటకి కొత్త ప్రేక్షకుడు దొరకడు, ఈ పని మొదటే చేయాల్సింది.

నంబర్ పది:
@ఫ్రిస్కో పేరెంట్ గారూ, పిల్లల సాకర్‌లో వయసు గ్రూపులు మారుతున్నాయని విన్నాను. అక్టోబరులో పుట్టిన పిల్లలకి ఏమవుతుంది?

ఫ్రిస్కో పేరెంట్:
2017 నుంచి జనవరి 1 కటాఫ్‌తో పుట్టిన సంవత్సరం చొప్పున గ్రూపులు కట్టేవారు. 2026-27 సీజన్ నుంచి పిల్లల సాకర్ నడిపే సంస్థలు యూఎస్ యూత్ సాకర్, ఏవైఎస్‌ఓ, యూఎస్ క్లబ్ సాకర్ మూడూ ఆగస్టు 1 నుంచి జూలై 31 లెక్కకి మారుతున్నాయి, బడి తరగతికి దగ్గరగా. పాత పద్ధతిలో ఆగస్టు-డిసెంబరు పిల్లలు పై తరగతి వాళ్లతో ఆడేవారు. ఆ స్నేహితులు తొమ్మిదో తరగతిలో హైస్కూల్ జట్టుకి వెళ్లిపోతే, ఎనిమిదిలో ఉన్న వీళ్లకి ఆ సీజన్‌లో జట్టే ఉండేది కాదు.

2015 అక్టోబరులో పుట్టిన పిల్లని తీసుకోండి. 2025-26లో 11 ఏళ్లలోపు గ్రూపు. పాత లెక్కన వచ్చే సీజన్ 12కి పోవాలి, కొత్త లెక్కన మళ్లీ 11లోనే ఉంటుంది, తొమ్మిది మంది ఆట, 4వ సైజు బంతి. 2016 అక్టోబరు పిల్లాడు మళ్లీ 10లోనే, ఏడుగురి ఆట. జట్లు చెదిరి మళ్లీ కట్టుకోవాలి కాబట్టి ట్రయౌట్స్‌లో పోటీ గట్టిగా ఉంటుంది. క్లబ్బు మీ పిల్లని పై గ్రూపులోనే ఉంచుతామంటే దాన్ని "ప్లేయింగ్ అప్" అంటారు, మీ ఒప్పుదల ఉంటేనే ఒప్పుకోండి. ఎంఎల్‌ఎస్ నెక్స్ట్ లాంటి పై అంచె లీగ్‌ల నియమం ఆ క్లబ్బునే విడిగా అడగండి, అన్నిచోట్లా ఇదే కటాఫ్ అనుకోవద్దు.